పోర్టబుల్ జనరేటర్లు - కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం

పోర్టబుల్ జనరేటర్ అనగా ఒకచోటి నుండి మరొకచోటికి సులభంగా తీసుకొనిపోగల చిన్న విద్యుదుత్పాదక యంత్రం. పెట్రోలు, డీజిలు, కిరోసిన్ లేదా వంటగ్యాసుతో నడిచే ఇంజను, దానికి జోడించిన ఆల్టర్నేటర్ ఇందులోని ప్రధాన భాగాలు. కరెంటు పోయినప్పుడు ఇండ్లలో, దుకాణాలలో, పెండ్లి పందిళ్ళలో, తుపాను బాధిత ప్రాంతాలలో వీనిని వాడతారు. ఈ యంత్రపు పొగగొట్టం నుండి వెలువడే వాయువులలో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి. రంగు, వాసన, రుచి లేని ఈ విషవాయువు మూసియున్న స్థలంలో కొద్ది నిమిషాలలోనే ప్రాణాంతకమైన స్థాయికి చేరగలదు. కనుక జనరేటర్‌ను ఎట్టి పరిస్థితులలోను ఇంటి లోపల, వరండాలో, సెల్లారులో లేదా గ్యారేజీలో నడపరాదు. ఆరుబయట, కిటికీలకు తలుపులకు కనీసం 6 మీటర్ల (20 అడుగుల) దూరంలో ఉంచి మాత్రమే నడపవలెను.

వాయువు యొక్క ధర్మాలు

కార్బన్ మోనాక్సైడ్ అణువులో ఒక కర్బన పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. దీనిని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) అని పొరబడరాదు. బొగ్గుపులుసు వాయువు మనం విడిచే ఊపిరిలో ఉంటుంది. అది గాలి కంటె బరువైనది, విషప్రభావం తక్కువ. కార్బన్ మోనాక్సైడ్ అణుభారం 28. గాలి సగటు అణుభారం సుమారు 29. అనగా రెండింటి సాంద్రత దాదాపు సమానం. అందువలన ఈ వాయువు నేలమట్టానికి దిగిపోదు, పైకప్పుకు చేరి నిలిచిపోదు. గదిలోని గాలితో అన్ని ఎత్తులలోను కలిసిపోతుంది. మంచంపై పడుకున్నవారికి, నేలపై పడుకున్నవారికి ప్రమాదం ఒకటే.

1800 సంవత్సరంలో విలియం క్రూక్‌షాంక్ అనే స్కాట్లండు రసాయన శాస్త్రవేత్త ఈ వాయువు కర్బనం, ఆక్సిజన్‌ల సమ్మేళనమని గుర్తించాడు. ఇది రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని ఆక్రమించుట వలన ప్రాణం తీస్తుందని 19వ శతాబ్దపు మధ్యకాలంలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ ప్రయోగపూర్వకంగా చూపాడు. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1896లో వెలువరించిన నివేదికలో, బొగ్గుగని ప్రేలుళ్ళలో మరణించిన కార్మికులలో అధికులు ప్రేలుడు ధాటికి గాక ఈ వాయువు వలననే మరణించారని నిరూపించాడు. ఆయన సూచన మేరకు గనులలో కేనరీ పిట్టలను హెచ్చరిక సాధనాలుగా వాడేవారు. పిట్ట సొమ్మసిల్లితే గనిలోనివారు వెంటనే బయటకు వచ్చేవారు. బ్రిటన్‌లో ఈ పద్ధతికి 1986లో స్వస్తి చెప్పి, ఎలక్ట్రానిక్ పరికరాలను ప్రవేశపెట్టారు.

జనరేటర్‌లో ఎందుకు ఉత్పత్తి అవుతుంది?

ఏ ఇంధనమైనా పూర్తిగా మండితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి ఏర్పడతాయి. తగినంత ఆక్సిజన్ అందనప్పుడు దహనం అసంపూర్ణమై కార్బన్ మోనాక్సైడ్ ఏర్పడుతుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి అవసరం. చిన్న జనరేటర్ల ఇంజన్లలో కార్బురేటర్ సాధారణంగా దీనికంటె తక్కువ గాలితో, ఎక్కువ పెట్రోలుతో మిశ్రమాన్ని అందిస్తుంది. ఇట్టి మిశ్రమం వలన ఇంజను సులభంగా స్టార్టు అవుతుంది, వేడెక్కకుండా నిలకడగా నడుస్తుంది. కాని కార్బన్ మోనాక్సైడ్ అధికంగా వెలువడుతుంది.

ఆధునిక కార్లలో ఈ వాయువును నిర్వీర్యం చేసే కాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. సాధారణ పోర్టబుల్ జనరేటర్లలో అది ఉండదు. అందువలననే ఒక చిన్న జనరేటర్ వందలాది కార్లతో సమానంగా ఈ విషవాయువును వెలువరించగలదని అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ హెచ్చరిస్తోంది. డీజిలు ఇంజన్ల నుండి ఈ వాయువు తక్కువగా వచ్చినా, మూసియున్న స్థలంలో అవి కూడ ప్రమాదకరమే. వంటగ్యాసుతో నడిచేవాటికీ ఇదే వర్తిస్తుంది.

గదిలో నడిపినప్పుడు మరొక చిక్కు కలదు. ఇంజను గదిలోని ఆక్సిజన్‌ను హరించివేస్తుంది. ఆక్సిజన్ తగ్గినకొలది దహనం మరింత అసంపూర్ణమై విషవాయువు మరింత పెరుగుతుంది.

ఒక లెక్క

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిని తీసుకొందాం. దీని ఘనపరిమాణం 36 ఘనపు మీటర్లు, అనగా 36,000 లీటర్లు. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 1,200 పీపీఎం (పది లక్షల భాగాలలో 1,200 భాగాలు) ఉంటే అది ప్రాణానికి తక్షణ ప్రమాదకరమైన స్థాయిగా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. ఈ గది ఆ స్థాయికి చేరుటకు కావలసిన వాయువు కేవలం 43 లీటర్లు. దాని బరువు సుమారు 50 గ్రాములు. గంటకు 500 గ్రాముల చొప్పున ఈ వాయువును వదిలే జనరేటర్‌ను తలుపులు మూసిన ఆ గదిలో నడిపితే, ఆరు నిమిషాలలో ఆ స్థాయి వస్తుంది. పెద్ద జనరేటర్లు ఇంతకంటె ఎక్కువగా వదులుతాయి. ఒక కిటికీ తెరచినంత మాత్రాన, పంకా తిప్పినంత మాత్రాన ప్రమాదం ఎందుకు తప్పదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

శరీరంపై ప్రభావం

రక్తంలోని హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల నుండి ఆక్సిజన్‌ను గ్రహించి శరీర కణాలకు అందజేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు హిమోగ్లోబిన్‌తో కలిసే గుణం ఆక్సిజన్ కంటె 200 నుండి 250 రెట్లు ఎక్కువ. ఇది హిమోగ్లోబిన్‌తో కలిసి కార్బాక్సీహిమోగ్లోబిన్‌గా మారుతుంది. అప్పుడు రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. మోసిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను కూడ కణాలకు సులభంగా విడువదు. ముందుగా దెబ్బతినేవి ఆక్సిజన్ ఎక్కువగా అవసరమైన మెదడు, గుండె.

గాలిలోని మోతాదును బట్టి ఆరోగ్యవంతులైన పెద్దలలో కనిపించే ప్రభావాలు సుమారుగా ఇట్లుండును:

* 200 పీపీఎం - రెండు మూడు గంటలలో స్వల్ప తలనొప్పి, నీరసం
* 400 పీపీఎం - ఒకటి రెండు గంటలలో తలనొప్పి; మూడు గంటలు దాటితే ప్రాణాపాయం
* 800 పీపీఎం - 45 నిమిషాలలో తలతిరుగుడు, వికారం. రెండు మూడు గంటలలో మరణం
* 1,600 పీపీఎం - 20 నిమిషాలలో తలనొప్పి, వికారం, గంటలో మరణం
* 3,200 పీపీఎం - 5 నుండి 10 నిమిషాలలో లక్షణాలు; అరగంటలో మరణం
* 6,400 పీపీఎం - ఒకటి రెండు నిమిషాలలో లక్షణాలు. 10 నుండి 15 నిమిషాలలో మరణం

గర్భిణులు, గర్భస్థ శిశువులు, పసిపిల్లలు, వృద్ధులు, గుండెజబ్బు గలవారు, రక్తహీనత గలవారు ఇంతకంటె తక్కువ మోతాదుకే ప్రమాదంలో పడతారు.

లక్షణాలు

తలనొప్పి, తలతిరుగుడు, వికారం, వాంతులు, నీరసం, ఛాతీలో నొప్పి, తికమక, తూలుడు - ఇవి ముఖ్య లక్షణాలు. ఇవి జలుబు, పైత్యం, కలుషితాహారం వంటి సాధారణ అనారోగ్యాల లక్షణాలను పోలియుంటాయి. అందువలన పలువురు విషయం గ్రహించక, పడుకొంటే తగ్గుతుందని విశ్రమిస్తారు. నిద్రలోనే స్పృహ కోల్పోతారు. మెలకువగా ఉన్నవారికి సైతం కాళ్ళు చేతులు స్వాధీనం తప్పి, తలుపు దాకా నడిచే శక్తి ఉండదు.

ఈ క్రింది గుర్తులు కనిపిస్తే కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమానించవలెను:

* ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వికారం మొదలగుట
* జ్వరం లేకపోవుట
* బయటకు వెళ్ళితే తగ్గి, లోపలికి వస్తే తిరిగి రావుట
* ఇంట్లోని కుక్క, పిల్లి వంటివి కూడ మందకొడిగా ఉండుట

చర్మం ఎర్రబారుతుందని పాఠ్యపుస్తకాలలో వ్రాసినా, బ్రతికియున్నవారిలో ఆ లక్షణం అరుదు. కరోనా కాలం నుండి పలు ఇండ్లలో ఉన్న పల్స్ ఆక్సీమీటర్ ఈ సందర్భంలో నమ్మదగినది కాదు. ఆ పరికరం కార్బాక్సీహిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ గల హిమోగ్లోబిన్‌గా పొరబడి 97, 98 అని చూపగలదు. ఆ అంకెను చూచి నిశ్చింతగా ఉండరాదు.

ప్రమాదాలు జరిగే పరిస్థితులు

జనరేటర్‌ను లోపల పెట్టుకొనేవారందరికీ అది పొగ వదులుతుందని తెలుసు. అయినను పెట్టుటకు కారణాలు కలవు. వాన కురుస్తున్నది, యంత్రం తడుస్తుందని లోనికి తెస్తారు. రాత్రివేళ ఎవరైనా ఎత్తుకొనిపోతారని భయపడి తలుపు వేసుకొంటారు. చప్పుడుకు ఇరుగుపొరుగువారు ఆక్షేపిస్తారని సెల్లారులోనో, మెట్ల క్రిందనో ఉంచుతారు. వైరు చాలలేదని వరండాలో పెడతారు. దుకాణదారులు షట్టరు సగం దించి లోపల నడుపుతారు. కనుక జనరేటర్ కొనునప్పుడే తగినంత పొడవైన నాణ్యమైన కేబులు, యంత్రాన్ని కట్టి ఉంచుటకు గొలుసు, తాళం, నాలుగు వైపుల తెరచియున్న వాననీడ ఏర్పాటు చేసికొనుట మంచిది.

తుపానుల అనంతరం

కరెంటు రోజుల తరబడి లేనప్పుడు ఈ ప్రమాదాలు పెరుగుతాయి. అమెరికాలో జనరేటర్ల వలన కార్బన్ మోనాక్సైడ్ సోకి ఏటా సగటున సుమారు 100 మంది మరణిస్తున్నారని అక్కడి భద్రతా కమిషన్ అంచనా. 2005లో కత్రినా హరికేన్, 2020లో లారా హరికేన్, 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రాన్ని ముంచెత్తిన మంచుతుపాను తరువాత ఇట్టి మరణాలు నమోదైనవి. గాలికి, వరదకు తట్టుకొని నిలిచినవారు ఆ తరువాత కరెంటు కోసం నడిపిన యంత్రానికి బలి అగుట ఇందులోని విషాదం. హ్యూస్టన్, డల్లాస్ వంటి నగరాలలో తెలుగు కుటుంబాలు అధికంగా నివసిస్తున్నాయి. అక్కడి ఇండ్లలో గ్యారేజీ ఇంటికి కలిసియుంటుంది. గ్యారేజీ తలుపు పూర్తిగా తెరచినా పొగ ఇంట్లోకి చొరబడుతుందని కొత్తగా వెళ్ళినవారు గుర్తుంచుకొనవలెను.

ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరులో శ్రీకాకుళం జిల్లాను తాకిన తిత్లీ తుపాను తరువాత పలు ప్రాంతాలలో రోజుల తరబడి విద్యుత్ సరఫరా నిలిచిపోయింది. అట్టి సమయాలలో మంచినీటి మోటారుకు, సెల్‌ఫోన్ల ఛార్జింగుకు జనరేటర్లే ఆధారం.

వాహనాలలో

2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు ప్రక్కన నిలిపిన కారవాన్ వాహనంలో ఇద్దరు మరణించియుండగా కనుగొన్నారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాహనం లోపలికి చేరుటయే కారణమని తదుపరి పరిశీలనలో తేలింది. జనరేటర్ వాహనానికి వెలుపలి భాగంలో ఉన్నంత మాత్రాన భద్రత లేదని ఈ ఘటన తెలుపుతున్నది.

బావులలో

నీటిమట్టం పడిపోయినప్పుడు ఆయిల్ ఇంజనును బావిలోని గట్టు మీదికి దించి నీరు తోడే అలవాటు కొన్నిచోట్ల కలదు. బావిలో గాలి కదలిక లేనందున పొగ అక్కడే నిలిచిపోతుంది. ఇంజనును ఆపుటకు దిగినవాడు పడిపోగా, అతనిని తీయుటకు దిగిన మరొకరు, ఆపై వేరొకరు పడిపోవుట ఇట్టి ప్రమాదాల స్వభావం. ఇంజను గాని, జనరేటర్ గాని బావి లోపలికి దించరాదు.

తీసికొనవలసిన జాగ్రత్తలు

* జనరేటర్‌ను ఆరుబయట, ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉంచవలెను. పొరుగువారి కిటికీలను కూడ గమనించవలెను.
* పొగగొట్టం మనుషులు, కిటికీలు, తలుపులు లేని వైపునకు తిప్పియుండవలెను. గాలి వీచే దిశను గమనించవలెను.
* ఆ వైపునున్న కిటికీలు, వెంటిలేటర్లు, ఏసీ కొరకు చేసిన సందులు మూసియుంచవలెను.
* బాల్కనీ, వరండా, మెట్ల క్రింద, సెల్లారు, గొడ్లసావిడి, మూసిన షెడ్డు - ఇవేవీ ఆరుబయలు కావు.
* అందరూ నిద్రించు సమయంలో జనరేటర్ ఆపివేయుట ఉత్తమం.
* బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారంను పడకగదుల దగ్గర అమర్చుకొనవలెను. పొగను గుర్తించే స్మోక్ అలారం ఈ వాయువును గుర్తించలేదు.
* ఇంజను చల్లారిన తరువాతనే పెట్రోలు పోయవలెను. పెట్రోలును ఇంట్లో నిల్వ చేయరాదు.
* తడి చేతులతో తాకరాదు. యంత్రాన్ని నీరు నిలిచిన చోట ఉంచరాదు.
* జనరేటర్ వైరును ఇంటి గోడలోని ప్లగ్గులో గ్రుచ్చి కరెంటు ఇవ్వరాదు. అట్లు చేసిన కరెంటు వీధి లైనులోకి వెళ్ళి, మరమ్మతు చేయుచున్న లైన్‌మన్ ప్రాణం తీయగలదు. ఎలక్ట్రీషియన్ చేత చేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించుకొనవలెను.

పెద్ద డీజిల్ జనరేటర్ల విషయంలో పొగగొట్టం ఎత్తుకు భారత కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక సూత్రం ఇచ్చింది. దాని ప్రకారం జనరేటర్ కె.వి.ఎ. సామర్థ్యపు వర్గమూలాన్ని 0.2తో గుణించి, వచ్చిన మీటర్లను భవనం ఎత్తుకు కలుపవలెను. ఉదాహరణకు 100 కె.వి.ఎ. జనరేటర్‌కు వర్గమూలం 10. కనుక గొట్టం భవనం కంటె 2 మీటర్లు ఎత్తుగా ఉండవలెను. అపార్టుమెంటులలో నివసించేవారు తమ భవనంలోని జనరేటర్ గొట్టం సెల్లారులోనే ముగిసినదా, పైకప్పు దాటి వెళ్ళినదా అని చూచుకొనుట అవసరం.

తప్పుడు అభిప్రాయాలు

* "పొగ వాసన రాలేదు, కనుక ప్రమాదం లేదు." కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. కొత్త జనరేటర్ కంటికి కనిపించే పొగ లేకుండానే దీనిని వదలగలదు.
* "కిటికీ తెరచియున్నది, పంకా తిరుగుతున్నది." పై లెక్కలో చూపినట్లు ఇవి చాలవు. పంకా విషవాయువును గది అంతటా పంచుతుంది.
* "ముక్కుకు తడిగుడ్డ కట్టుకొంటే చాలు." తడిగుడ్డ గాని, సాధారణ మాస్కు గాని ఈ వాయువును ఆపలేవు.
* "ఇది ఇన్వర్టర్, పొగ ఉండదు." మన ఇండ్లలో ఇన్వర్టర్ అని పిలిచేది బ్యాటరీతో పనిచేస్తుంది, దాని నుండి కార్బన్ మోనాక్సైడ్ రాదు. కాని "ఇన్వర్టర్ జనరేటర్" పేరుతో అమ్మేది పెట్రోలుతో నడిచే యంత్రం. దానిని లోపల వాడరాదు.
* "మా ఇంట్లో చాలాసార్లు నడిపాము, ఏమీ కాలేదు." గాలి వీచే దిశ, తెరచిన తలుపులు, నడిపిన సమయం ప్రతిసారి ఒకే విధంగా ఉండవు.

ప్రథమ చికిత్స

* బాధితులను వెంటనే ఆరుబయటి గాలిలోకి చేర్చవలెను. లోపల కూర్చొని కారణం వెదకరాదు.
* రక్షించబోయేవారు ఒంటరిగా లోనికి పోరాదు. వీలైతే ముందుగా బయటి నుండి తలుపులు, కిటికీలు తెరచి, జనరేటర్ ఆపవలెను. బావి, నేలమాళిగ వంటి చోట్ల అగ్నిమాపక సిబ్బంది వచ్చువరకు దిగరాదు.
* 108 లేదా 112 నంబరుకు ఫోను చేయవలెను. అమెరికాలో 911.
* స్పృహ లేక, ఊపిరి ఆడనిచో శిక్షణ గలవారు కృత్రిమ శ్వాస, ఛాతీ నొక్కుట ఆరంభించవలెను.
* "జనరేటర్ నడుస్తున్నది" అన్న మాట వైద్యునికి తప్పక చెప్పవలెను. ఆ మాట చెప్పనిచో దీనిని వేరొక జబ్బుగా భావించే అవకాశం కలదు.
* కాస్త తేరుకొన్నా ఆసుపత్రికి వెళ్ళవలెను.

వైద్యం

రక్తపరీక్ష ద్వారా కార్బాక్సీహిమోగ్లోబిన్ శాతాన్ని కొలిచి వ్యాధి నిర్ధారణ చేస్తారు. ప్రధాన చికిత్స ఆక్సిజన్. సాధారణ గాలి పీల్చుతూ ఉంటే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గుటకు 4 నుండి 6 గంటలు పడుతుంది. మాస్కు ద్వారా పూర్తి ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట నుండి గంటన్నర. అధిక పీడనం గల గదిలో ఆక్సిజన్ ఇచ్చే హైపర్‌బారిక్ చికిత్సలో సుమారు 20 నుండి 30 నిమిషాలు. తీవ్రంగా విషం సోకినవారికి, గర్భిణులకు ఈ చికిత్సను పరిశీలిస్తారు. కోలుకొన్న కొందరిలో కొన్ని రోజులకు లేదా వారాలకు మతిమరుపు, ప్రవర్తనలో మార్పు, నడకలో తడబాటు కనిపించవచ్చును. కనుక ఇంటికి వచ్చిన తరువాత కూడ కుటుంబసభ్యులు గమనిస్తూ ఉండవలెను.

నిబంధనలు, సాంకేతిక మార్పులు

అమెరికాలో 2007 మే 14 నుండి తయారైన ప్రతి పోర్టబుల్ జనరేటర్‌పై, ఇంటి లోపల వాడితే నిమిషాలలో ప్రాణం పోగలదని తెలిపే హెచ్చరిక పట్టీ తప్పనిసరి చేయబడినది. 2018లో అక్కడి తయారీదారుల సంఘపు ప్రమాణం ప్రకారం, జనరేటర్ చుట్టూ ఈ వాయువు 800 పీపీఎం చేరినా, పది నిమిషాల సగటు 400 పీపీఎం దాటినా యంత్రం తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు చేర్చబడినది. కొత్తగా కొనువారు ఇట్టి సౌకర్యం ఉన్నదేమో విచారించుట మంచిది. అయితే ఈ ఏర్పాటు యంత్రం చుట్టూ ఉన్న గాలినే కొలుస్తుంది. యంత్రం బయట ఉండి పొగ కిటికీ గుండా లోనికి పోతున్నప్పుడు అది ఆగకపోవచ్చును. అందువలన దూరం పాటించుట, ఇంట్లో అలారం ఉంచుట అప్పటికీ అవసరమే.

ఇతర మార్గాలు

రెండు దీపాలు, ఒక పంకా, సెల్‌ఫోను ఛార్జింగు వంటి స్వల్ప అవసరాలకు బ్యాటరీ ఇన్వర్టర్ లేదా సౌరఫలకాలతో ఛార్జి చేసిన బ్యాటరీ సరిపోతుంది. వీని నుండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడదు. అయితే లెడ్-యాసిడ్ బ్యాటరీ ఛార్జి అగునప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కనుక దానికి కూడ గాలి వెలుతురు గల చోటు అవసరం. మూసిన గదిలో చలి కాచుకొనుటకు పెట్టే బొగ్గుల కుంపటి, గాలి ఆడని స్నానాలగదిలోని గ్యాస్ గీజర్ కూడ ఇదే విషవాయువును వెలువరిస్తాయని గుర్తుంచుకొనవలెను.

ఇవి కూడా చూడండి

* కార్బన్ మోనాక్సైడ్
* హిమోగ్లోబిన్
* అంతర్దహన యంత్రం
* ప్రథమ చికిత్స
* హుద్‌హుద్ తుపాను